కారు స్టీల్ రిమ్ములకు ఇంట్లోనే స్ప్రే పెయింట్: పొర లేవకుండా, ధార కారకుండా చేసుకునే పద్ధతి

రిమ్ములకు పెయింట్ వేసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు రెండే. ఒకటి, రెండు నెలలకే పెచ్చులు ఎందుకు ఊడుతున్నాయి? రెండు, వేసినప్పుడు బాగానే కనిపించింది, ఆరాక గరుకుగా ఎందుకు తేలింది? రెంటికీ చాలాసార్లు డబ్బాలోని పెయింట్ కారణం కాదు. మొదటిదానికి కారణం కడగడంలో ఉంటుంది, రెండోదానికి వాతావరణంలోనూ చేతి వేగంలోనూ ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా పెయింట్ డబ్బా మూత తీయకముందు చేసే పని గురించే.

ఇక్కడ చెప్పేది చిన్న కార్లకు వచ్చే 13 నుంచి 15 అంగుళాల స్టీల్ రిమ్ముల గురించి, మార్కెట్లో దొరికే 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బాలతో చేసే పని గురించి. అల్లాయ్ వీల్స్‌కు తేడా ఉన్నచోట అక్కడికక్కడే చెప్తాను.

## 1. ముందు రిమ్మును తిప్పి చూడండి

పెయింట్ వేయదగ్గ రిమ్మేనా అన్నది మొదట తేల్చుకోవాలి. నట్లు బిగించే రంధ్రాల చుట్టూ, గాలి ఆడే కంతల అంచుల్లో, డిస్క్‌నూ బయటి రింగునూ కలిపిన వెల్డింగ్ మీద వేలు పెట్టి వెతకండి. అక్కడ వెంట్రుకంత పగులు కనిపించినా ఆ రిమ్ము పనికిరాదు. దాన్ని పుట్టీతో పూడ్చి రంగు వేయడమంటే ప్రమాదాన్ని దాచిపెట్టడమే. అంచు వంగిపోయి గాలి దిగుతున్న రిమ్ము సంగతీ అంతే. ముందు దాన్ని సరిచేయించడమో మార్చడమో చేసి, ఆ తర్వాత రంగు గురించి ఆలోచించండి.

తుప్పు పైపైన ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే రేకులు రేకులుగా ఊడి లోపల గుంటలు పడుతున్నాయంటే ఇంటిపనితో తేలదు. అలాంటి వాటిని శాండ్ బ్లాస్టింగ్ చేయించి పౌడర్ కోటింగ్ వేయించడమే మేలు. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట్ల ఆ పని తెలిసినవాళ్లు దొరుకుతారు.

అల్లాయ్ ఉన్నవాళ్లకు ఒక మాట. ముఖం మీద సన్నని లేత్ గీతలు మెరుస్తూ కనిపించే డైమండ్ కట్ రకమైతే ఇంట్లో ముట్టుకోకండి. ఆ మెరుపు మెషీన్ కోతతో వచ్చింది, ఏ సిల్వర్ స్ప్రే వేసినా తిరిగి రాదు.

## 2. స్టెప్నీతో మొదలుపెట్టండి

నాలుగు చక్రాలూ ఒకేసారి ఊడదీసి కారును ఇటుకల మీద నిలబెట్టే పద్ధతి నాకు నచ్చదు. కారుకు ప్రమాదం, మనకు కంగారు. ఆదివారం సాయంత్రానికి బిగించేయాలన్న తొందరలో ఆరని పెయింట్ మీద స్పానర్ పెడతారు.

దీనికి సులువైన దారి ఉంది. ముందు స్టెప్నీకి పెయింట్ వేయండి. అది డిక్కీలో ఉండేది కాబట్టి చెయ్యి కుదిరేదాకా దానిమీద నేర్చుకోవచ్చు. అది ఆరాక కారుకు ఎక్కించి, దించిన చక్రాన్ని పనిలోకి తీసుకోండి. ఇలా ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే కారు ఎప్పుడూ నాలుగు కాళ్ల మీదే ఉంటుంది, ఆఫీసుకు వెళ్లడమూ ఆగదు.

ఒక షరతు. స్టెప్నీ మిగతా నాలుగింటి సైజుదే అయ్యుండాలి. కొన్ని కార్లకు సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఇస్తున్నారు, దాంతో రోజువారీ తిరగకూడదు. అలాంటి కారుకు దృఢమైన జాక్ స్టాండ్లు సంపాదించాకే పని మొదలుపెట్టండి. జాకీ ఒక్కదాని మీద కారును వదిలేయవద్దు.

## 3. కావలసిన సామాన్లు

ఐదు రిమ్ముల బయటి ముఖానికి సరిపడా లెక్క ఇది:

- ప్రైమర్ డబ్బాలు 2. స్టీల్‌కు తుప్పు నిరోధక ప్రైమర్, అల్లాయ్‌కి ఎచ్ ప్రైమర్ (ఆమ్లం కలిసిన ప్రైమర్)
- రంగు డబ్బాలు 3
- క్లియర్ లాకర్ (రంగు పైన వేసే పారదర్శక పొర) డబ్బాలు 2 లేదా 3
- వాటర్ పేపర్: 80 (అల్లాయ్‌కి దీని బదులు 240), 180, 320, 600 నంబర్లు. చివరి మెరుగుకు 2000
- వైర్ బ్రష్ ఒకటి, పాత టూత్ బ్రష్ ఒకటి
- గిన్నెలు కడిగే లిక్విడ్, తారు మరకలు తీసే ద్రావణం
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా పెయింట్‌కు ముందు జిడ్డు తీసే ద్రావణం
- పోగులు రాలని తెల్లటి కాటన్ గుడ్డలు
- మంచి రకం మాస్కింగ్ టేప్, పాత పేపర్లు, పాత పెళ్లి కార్డులు
- నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు

మాస్కు దగ్గర పొదుపు చేయకండి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నదే కావాలి.

ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి తీసుకోండి. ఎనామెల్ రంగు మీద వేరే కంపెనీ లాకర్ కొడితే, లాకర్‌లోని ఘాటైన ద్రావకం కింది పొరను కొరికి ముడతలు పడేలా చేస్తుంది. రంగు డబ్బాలన్నీ ఒకే రోజు, ఒకే బ్యాచ్ నంబర్ చూసి కొనండి. సిల్వర్, గన్ మెటల్ లాంటి మెటాలిక్ రంగుల్లో బ్యాచ్ మారితే పక్కపక్క చక్రాల్లో తేడా తెలిసిపోతుంది.

హార్డెనర్ కలిసే 2కే క్లియర్ గట్టిగా ఉంటుంది, పెట్రోల్ పడినా చెక్కుచెదరదు. కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చాలా హాని. సరైన రక్షణ, గాలి ఏర్పాటు లేని ఇళ్లలో అది వాడవద్దనే నా సలహా. హార్డెనర్ లేని మామూలు 1కే క్లియర్ చాలు.

## 4. రోజు, టైము, చోటు

గాలి వేడి 15 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ 70 శాతం లోపు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఈ రెండూ కుదిరే టైము మన దగ్గర ఊరిని బట్టి మారుతుంది.

మే నెలలో కరీంనగర్, రామగుండం వైపు 40 దాటిన ఎండలో స్ప్రే చేస్తే రంగు రిమ్మును చేరేలోపే గాలిలో సగం ఆరిపోతుంది. పొడి పొడిగా పడి గరుకు తేలుతుంది. అక్కడ ఉదయం ఎనిమిదిన్నరలోపు ముగించాలి. అదే కాకినాడ, మచిలీపట్నం, విశాఖలో పొద్దున్నే మొదలుపెడితే తేమ దెబ్బ తీస్తుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రిమ్ము పైభాగం చల్లబడి గాలిలోని తేమ దానిమీద కూర్చుంటుంది. పెయింట్ తెల్లగా మసకబారుతుంది. అక్కడ పదింటి తర్వాత, ఎండ కాస్త ముదిరాక నీడలో వేయాలి. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వాయిదా వేసుకోవడమే నయం. నన్నడిగితే ఫిబ్రవరిని మించిన నెల లేదు.

ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిచి తేమ శాతం చూడండి. రిమ్మును కూడా చేత్తో తాకి చూడండి. ఎండలో పెట్టిన స్టీల్ గాలికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. చేతికి చురుక్కుమంటే నీడలో చల్లారనివ్వాలి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వేయవద్దు. ఆవిరి బయటికి పోదు, పెయింట్ పొడి పక్కవాళ్ల కార్ల మీద వాలుతుంది. డాబా మీదైతే గాలి తక్కువగా ఉన్న రోజు చూసి, మూడు వైపులా పాత దుప్పట్లు కట్టుకోండి. నేలమీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. డబ్బాలోని గ్యాసు మండే గుణం ఉన్నది కాబట్టి దగ్గర్లో దీపం, అగరుబత్తి, గ్యాస్ స్టవ్, ఇన్వర్టర్ ఏవీ ఉండకూడదు.

## 5. కడగడం

రోడ్డు మీంచి వచ్చే తారు, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, పంక్చర్ షాపులో అంటిన గ్రీజు, అన్నింటికంటే మొండిది టైరుకు పూసే పాలిష్‌లోని సిలికాన్. రిమ్ము మీద ఉండేవి ఇవే. సిలికాన్ కంటికి కనిపించదు. దాని చుక్క ఉన్నచోట పెయింట్ నిలవకుండా చుట్టూ తప్పుకుని చిన్న గుంట పడుతుంది. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు.

అందుకే సాండింగ్‌కు ముందే కడగాలి. జిడ్డు మీద పేపర్ రుద్దితే అది ఊడదు, గీతల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఈ వరుస మార్చకండి:

1. బ్రేకు పొడిని ముందు నీళ్లతో తడపండి. పొడిగా ఉన్నప్పుడు ఊదడం, దులపడం వద్దు. అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.
2. గిన్నెల లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లతో ముందు, వెనక, కంతల లోపల బ్రష్‌తో తోమండి. టైరు పక్క గోడను కూడా తోమండి. అక్కడి పాలిష్ తర్వాత రిమ్ము మీదికే వస్తుంది.
3. తారు మరకలను ద్రావణంతో తీసి, మళ్లీ లిక్విడ్‌తో కడగండి.
4. నీళ్లు ధారగా పోసి గమనించండి.

నాలుగోదాని దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నీళ్లు రిమ్మంతా ఒకే తెరగా పరుచుకుని మెల్లగా జారాలి. ఎక్కడైనా తెర చిట్లి, నీళ్లు చుక్కలుగా విడిపోయి పక్కకు జరుగుతున్నాయంటే అక్కడ ఇంకా జిడ్డుంది. ఆ చోటు వేలితో గుర్తుపెట్టుకుని మళ్లీ తోమండి. నట్ల రంధ్రాల చుట్టూ, రిమ్ము టైరును కలిసే అంచు దగ్గర సాధారణంగా ఒకటికి రెండుసార్లు తోమాల్సి వస్తుంది. పెచ్చులు లేచిన రిమ్ముల్లో ఎక్కువ భాగం మొదట ఊడేది ఈ అంచు దగ్గరే.

బోరు నీళ్లతో కడిగినవాళ్లు చివరిసారి మంచినీళ్లతో కడగాలి. బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మరక మిగులుతుంది, దానిమీద వేసిన పెయింట్ కింద తేమ చేరి బుడగలు లేస్తాయి. ప్యూరిఫయర్ నుంచి పక్క పైపులో పోయే నీళ్లు వాడకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో తుడవడం మన దగ్గర పాత అలవాటు. కిరోసిన్ సన్నటి నూనె పొర వదిలిపోతుంది. పెట్రోల్‌తో నిప్పు భయం. రెండూ వద్దు.

## 6. తుప్పు తీయడం, సాండింగ్

తుప్పు ఉన్నచోట వైర్ బ్రష్, తర్వాత 80 నంబర్ పేపర్. మెరిసే ఇనుము కనిపించేదాకా తీయాలి. గుంటల అడుగున నల్లటి చుక్కలు మిగిలితే తుప్పును మార్చే ద్రావణం రాసి, దాని డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, చెప్పినట్టే కడిగి ఆరబెట్టండి.

పాత పెయింట్ మొత్తం గీకేయనవసరం లేదు. గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని ఉండనివ్వండి, ప్రైమర్‌కు అంతకంటే మంచి పునాది దొరకదు. పెచ్చు ఊడిన చోట మాత్రం పాత పెయింట్ అంచు మెట్టులా ఉంటుంది. 180తో, తర్వాత 320తో ఆ మెట్టును వాలుగా సాగదీయాలి. కళ్లు మూసుకుని గోరును ఇనుము మీంచి పెయింట్ మీదికి జరపండి. గోరు తగులుకుంటే ఇంకా రుద్దాలి. ఇప్పుడు గోరుకు తెలిసిన మెట్టు రంగు వేశాక కంటికి తెలుస్తుంది, ముఖ్యంగా సిల్వర్‌లో.

మిగతా భాగమంతా 320తో మెరుపు పోయేదాకా రుద్దండి. ఎక్కడ మెరుపు మిగిలిందో అక్కడ ప్రైమర్ పట్టదు. కంతల లోపలి అంచులు చాలామంది వదిలేస్తారు. పేపర్‌ను ఐస్ క్రీం పుల్లకు చుట్టి అక్కడ రుద్దండి.

ఇనుము బయటపడ్డాక నీళ్లతో సాండింగ్ చేయకండి. కోస్తాలో అయితే గంటల్లోనే నారింజ రంగు తుప్పు పొర తిరిగి వస్తుంది. ఈ దశలో పొడిగా రుద్దడమే సరి, దుమ్ముకు మాస్కు పెట్టుకోండి. ఏ రోజు ఇనుము తేలిందో ఆ రోజే ప్రైమర్ పడాలి.

అల్లాయ్ విషయంలో 80 నంబర్ వాడవద్దు, ఆ గీతలు పైకి కనిపిస్తాయి. 240తో మొదలుపెట్టండి. పాత పెయింట్ తీయడానికి కాస్టిక్ సోడా కలిసినవి అస్సలు వాడకండి, అల్యూమినియాన్ని తినేస్తాయి.

## 7. పుట్టీ ఎక్కడ, ఎంత

ముఖం మీద చిన్న గుంటలకే. హార్డెనర్ కలిపే పాలిస్టర్ పుట్టీని పలచగా పెట్టి, గట్టిపడ్డాక 180తో, 320తో పొడిగా చదును చేయండి. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి తడి సాండింగ్ వద్దు. ఎచ్ ప్రైమర్ వేసే పనైతే పుట్టీ దాని మీద పెట్టకూడదు, ఆ ప్రైమర్‌లోని ఆమ్లం పుట్టీని సరిగా గట్టిపడనివ్వదు. ట్యూబులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ సూదిమొనంత రంధ్రాలకే పనికొస్తుంది. మందంగా పెడితే కుంచించుకుపోతుంది.

టైరు కూర్చునే అంచు మీద, నట్ల చుట్టూ పుట్టీ పెట్టవద్దు.

## 8. మాస్కింగ్

టైరు ఊడదీయకుండా పని చేయాలంటే పాత పెళ్లి కార్డులకు మించిన సాధనం లేదు. చక్రం కారు నుంచి దించాకే టైరులో గాలి చాలావరకు తీయండి. అప్పుడు టైరు మెత్తబడి రిమ్ముకూ దానికీ మధ్య సందు దొరుకుతుంది. కార్డులను అడ్డంగా సగానికి కత్తిరించి, ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా ఆ సందులో చుట్టూ గుచ్చండి. టేప్ అంటించే పనే లేదు, అంచు కూడా గీత గీసినట్టు వస్తుంది.

కప్పాల్సినవి:

- గాలి వాల్వు. చిన్న టేప్ ముక్క చాలు
- నట్లు కూర్చునే ఏటవాలు గుంటలు. స్పాంజ్ ముక్కలు దూర్చండి
- హబ్‌కు (కారు వైపు చక్రం బిగించే భాగానికి) ఆనుకునే వెనక ముఖం, మధ్య రంధ్రం అంచు
- బ్యాలెన్సింగ్ బరువులు. ఊడదీయాల్సి వస్తే తర్వాత బ్యాలెన్సింగ్ తప్పనిసరి

నట్ల గుంటలనూ, వెనక ముఖాన్నీ కప్పడం అందం కోసం కాదు. అక్కడ పెయింట్ మందంగా ఉంటే బండి తిరిగేకొద్దీ అది నలిగి పలచబడుతుంది, నట్టు వదులవుతుంది. ఇది ప్రాణాలకు సంబంధించిన మాట.

కప్పాక చివరిసారి జిడ్డు తీయాలి. రెండు తెల్ల గుడ్డలు తీసుకోండి. ఒకదాన్ని ఆల్కహాల్‌తో తడిపి తుడవండి, అది ఆరిపోకముందే పొడిగుడ్డతో తీసేయండి. ఆరిపోనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే అతుక్కుంటుంది. గుడ్డ మీద మచ్చ కనిపించడం ఆగేదాకా గుడ్డ మడత మార్చి తుడుస్తూ ఉండండి. దీని తర్వాత రిమ్మును ఒట్టిచేత్తో ముట్టుకోవద్దు.

## 9. ప్రైమర్

రిమ్మును తిరగేసిన బకెట్ మీదో పాత స్టూలు మీదో వెల్లకిలా పడుకోబెట్టండి. నిలబెట్టి కొడితే ధారలు కారతాయి.

డబ్బాలోని గోలీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపండి. మధ్యమధ్యలో కూడా ఊపుతూ ఉండాలి. చలికాలంలో డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచవచ్చు, మంట దగ్గర పెట్టవద్దు, 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది. రిమ్ముకు ముందు ఒక పేపర్ మీద కొట్టి చూడండి, మొదటి తుంపర తరచూ ఉమ్మినట్టు పడుతుంది.

రిమ్ముకు ఒక జాన దూరంలో డబ్బా పట్టుకోండి. అంచుకు బయట మీట నొక్కి, రిమ్ము మీదుగా దాటించి, అవతలి అంచు బయట వదలండి. మణికట్టు తిప్పకుండా చెయ్యి మొత్తం కదలాలి. మణికట్టు తిప్పితే మధ్యలో మందంగా, పక్కల్లో పలచగా పడుతుంది. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి.

ముందుగా కంతల లోపలి అంచులకు, నట్ల మధ్య సందులకు ఏటవాలుగా నాలుగు వైపుల నుంచి చిన్న చిన్న తుంపరలు కొట్టండి. ముఖం తర్వాత. ముందే ముఖం కొట్టేస్తే, సందుల కోసం కొట్టినప్పుడు ముఖం మీద ఇంకో పొర పడి ధార కారుతుంది.

పలచటి పొరలు రెండు లేక మూడు, మధ్యలో పది నిమిషాల విరామం. డబ్బా మీద వేరే టైము రాసి ఉంటే అదే పాటించండి. మొదటి పొరలో ఇనుము ఇంకా కనిపిస్తూ ఉంటే కంగారు పడనక్కర్లేదు. అలాగే ఉండాలి.

ప్రైమర్ పూర్తిగా ఆరాక 600 నంబర్ పేపర్‌తో తడిపి తేలిగ్గా రుద్దండి. మామూలు ప్రైమర్ కొంత తేమ పీల్చుకుంటుంది. అందుకే తుడిచేసి వెంటనే రంగు వేయకుండా గంటసేపు ఎండ తగలనిచ్చి, నీడలో చల్లార్చాకే ముందుకెళ్లండి. అంచుల దగ్గర ఇనుము మళ్లీ కనిపిస్తే అక్కడ ఒక తుంపర ప్రైమర్ కొట్టండి.

## 10. రంగు

మళ్లీ ఆల్కహాల్ గుడ్డతో తేలిగ్గా తుడిచి మొదలుపెట్టండి.

మొదటి పొర పలచటి మంచు. కింది ప్రైమర్ సగం కనిపించాలి. దాని పని తర్వాతి పొరను పట్టుకోవడమే. పది నిమిషాలాగి రెండో పొర మామూలుగా, మరో పది నిమిషాలకు మూడో పొర కాస్త తడిగా వేయండి. తడిగా అంటే, వెలుగు రిమ్ము మీద ఏటవాలుగా పడేలా తల వంచి చూసినప్పుడు పెయింట్ పడినచోట తడి మెరుపు ఒక్క క్షణం సమంగా పరుచుకోవాలి. మెరుపు రాకుండా పొడిగా ఉంటే చెయ్యి వేగం తగ్గించండి, లేదా కొంచెం దగ్గరికి జరపండి. మెరుపు చిక్కగా మారి అంచు వైపు జరగబోతోందంటే అక్కడ ఆపేయండి. ఈ మెరుపును చదవడం వస్తే దూరాలు, వేగాల లెక్కలు అక్కర్లేదు.

ప్రతి పొరకూ స్టూలు మీద రిమ్మును పావు వంతు తిప్పండి.

సిల్వర్, గన్ మెటల్ వేసేవాళ్లకు అదనంగా ఒక మెట్టుంది. చివరి పొరను ఒకటిన్నర జానల దూరం నుంచి వృత్తాకారంలో మంచులా చల్లండి. లోహపు రేణువులు అన్ని వైపులా సమంగా పరుచుకుని చారలు మాయమవుతాయి. మెటాలిక్ రంగు మీద పేపర్ పెట్టవద్దు, రేణువులు కోసుకుపోయి నల్ల మచ్చలు పడతాయి.

పని మధ్యలో మళ్లీ పొర ఎప్పుడు వేయొచ్చు అన్నదానికి డబ్బా మీద గడువు రాసి ఉంటుంది. ఎనామెల్ రకాల్లో ఇది చాలా ముఖ్యం: గంటలోపు వేయాలి, లేదా ఒకటి రెండు రోజులు ఆగాలి అని ఉంటుంది. ఆ మధ్యలో వేస్తే సగం ఆరిన పొర ఉబ్బి ముడతలు పడుతుంది.

## 11. క్లియర్

రంగు తాకితే అంటనంత ఆరాక, గడువులోపే క్లియర్ మొదలుపెట్టండి. ఒక పలచటి పొర, తర్వాత రెండు తడి పొరలు. ధారలు ఎక్కువగా కారేది ఇక్కడే, పైగా క్లియర్‌కు రంగు లేదు కాబట్టి ఎంత పడిందో కంటికి తెలియదు. మళ్లీ ఆ ఏటవాలు వెలుగే ఆధారం.

మ్యాట్ బ్లాక్ కావాలనుకుంటే మ్యాట్ క్లియర్ వేయండి. దాన్ని తర్వాత పాలిష్ చేయకూడదు, రుద్దినచోట మెరిసి మచ్చలా మిగులుతుంది.

టేపు, కార్డులు చివరి పొర పడ్డాక అరగంటలోపు తీసేయండి. పూర్తిగా గట్టిపడ్డాక తీస్తే పెయింట్ అంచు రేకులా చీలుతుంది. డబ్బా తలకిందులు చేసి గ్యాసు మాత్రమే వచ్చేదాకా కొట్టి పెట్టుకోండి, తర్వాతి చక్రానికి నాజిల్ మూసుకుపోకుండా ఉంటుంది.

## 12. లోపం వస్తే

ధార కారింది. తడిగా ఉన్నప్పుడు వేలు పెట్టకండి. ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి 600తో చదును చేసి ఆ పొర మళ్లీ వేయండి. ధార క్లియర్‌లో అయితే 2000తో తడిపి రుద్ది, చేత్తో రబ్బింగ్ కాంపౌండ్ పెడితే చాలు.

ఫిష్ ఐ గుంటలు. పైన ఇంకా పెయింట్ కొట్టి పూడ్చాలని చూడకండి, గుంట పెద్దదవుతుంది. ఆరాక ఆ చోటు కిందిదాకా రుద్ది, జిడ్డు తీసి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలి.

గరుకుగా ఉంది. దూరం ఎక్కువ, ఎండ ఎక్కువ, లేదా చెయ్యి వేగం ఎక్కువ. మామూలు రంగైతే 600తో తడి సాండింగ్ చేసి, చల్లటి టైములో ఇంకో తడి పొర. మెటాలిక్ అయితే రుద్దాక ఆ ముఖం మొత్తానికి మళ్లీ రంగు వేయాల్సిందే.

ఆరెంజ్ పీల్, అంటే నారింజ తొక్కలా ఎగుడుదిగుడుగా తేలింది. పెయింట్ పరుచుకోకముందే గడ్డకట్టింది. క్లియర్‌లో వస్తే వారం తర్వాత 2000తో రుద్ది కాంపౌండ్ పెట్టండి. అంచుల మీద గట్టిగా రుద్దవద్దు, అక్కడ పొర పలచగా ఉంటుంది.

తెల్లగా మసకబారింది. తేమ పట్టింది. పొడి వాతావరణంలో ఆరనివ్వండి, కొన్నిసార్లు దానంతటదే పోతుంది. పోకపోతే తేలిగ్గా రుద్ది, పొడి రోజు చూసి క్లియర్ మళ్లీ వేయండి.

ముడతలు పడ్డాయి. దీనికి సర్దుబాటు లేదు. గట్టిపడనిచ్చి, ముడత ఉన్నంతమేరా గీకేసి మళ్లీ మొదటి నుంచి రావాలి.

దోమ వాలింది, పోగు పడింది. ముట్టుకోకండి. ఆరాక గోటితో లాగేస్తే ఊడిపోతుంది, మిగిలిన గుర్తు 2000తో పోతుంది.

## 13. బిగించడం

కనీసం ఒక రోజు ఆరాకే కారుకు ఎక్కించండి. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది.

ఎక్కించే ముందు చూసుకోవలసినవి:

- నట్ల గుంటల్లో, వెనక ముఖం మీద పెయింట్ లేదు
- స్పాంజ్ ముక్కలన్నీ తీసేశాం
- టైరులో గాలి మాన్యువల్‌లో చెప్పినంత నింపాం, వాల్వు దగ్గర సబ్బు నీళ్లు వేస్తే బుడగలు రావడం లేదు
- నట్ల మరలకు గ్రీజు, నూనె అంటలేదు

స్పానర్ తగిలి కొత్త పెయింట్ లేవకుండా సాకెట్ చుట్టూ ఒక వరుస టేప్ చుట్టండి. నట్లను ముందు చేత్తో తిప్పి, తర్వాత పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగించండి. ఎంత బలంగా బిగించాలన్న లెక్క (టార్క్) చిన్న కార్లలో చాలావాటికి 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య చెప్తారు, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే పంక్చర్ షాపులో వేయించండి, కానీ గాలి గన్నుతో ఎడాపెడా బిగించనివ్వకండి. కొత్త పెయింట్ ఊడేదీ, బోల్టు సాగేదీ దాంతోనే.

మొదటి వారం కార్ వాష్‌లో ప్రెషర్ గన్ పెట్టించవద్దు, టైర్ పాలిష్ వద్దు. నెలదాకా బ్రేకు పొడిని ఒట్టి నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ప్లాస్టిక్ వీల్ క్యాపులు వాడేవాళ్లు క్లిప్పులు ఆనుకునే చోట అప్పుడప్పుడు చూస్తుండండి. అక్కడ పెయింట్ అరిగి తుప్పు మొదలైతే 320తో రుద్ది, ప్రైమర్‌నూ రంగునూ మూతలో కాస్త కొట్టుకుని చిన్న బ్రష్‌తో అద్దవచ్చు.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి అదే టార్క్‌కు సరిచూడండి. ఏదైనా నట్టు రెండోసారి కూడా వదులైతే ఆ చక్రం దించి గుంటలో పెయింట్ మిగిలిందేమో చూసి, గీకేసి బిగించండి.